గేటు పక్కన వానమడి

శింగనమల,
23 జూన్ 2024

షఫీ అన్నకు సలాం.

ఈ నెల మొదటి నుంచీ నీ ఫోను స్విచ్ ఆఫ్ అనే వస్తోంది. నిన్న మాబీ వదినకు చేశాను. "మీ అన్న ఫోను బీరువాలో పెట్టేసినాడు షమా. మోగితే ఉలిక్కిపడతాండాడు. కాగితం మీద రాసి పంపు, చదువుతాడేమో" అంది. ఏమైందని అడిగితే చెప్పలేదు. కుక్కర్ విజిలేసిందని పెట్టేసింది. అందుకని పోస్టాఫీసుకు పోయి కవర్లు కొనుక్కొచ్చాను. కౌంటర్లో ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఏదైనా ఉద్యోగానికి దరఖాస్తా అని అడిగాడు. మా అన్నకు ఉత్తరం అన్నాను. ఆయన నమ్మినట్టు లేడు.

బడి తెరిచారు. ఈ ఏడు కూడా ఎనిమిదో తరగతి జీవశాస్త్రం నాదే. మా బడి గేటు నీకు గుర్తుండే ఉంటుంది. పోయిన ఏడాది నన్ను దింపడానికి వచ్చినప్పుడు నీ బండి జారింది అక్కడే. రోడ్డు వెంబడి ట్రాక్టర్ల రిపేరు షెడ్లు, ఒక చికెన్ అంగడి, టీ బంకు ఉన్నాయి కదా. వాన పడితే వాటి కింది నీళ్ళన్నీ మా గేటులోంచి లోపలికి వచ్చి, ఆటస్థలం మీదుగా పోయి, వంట షెడ్డు వెనక కాలువలో పడి చెరువులో కలుస్తాయి. నల్లటి నీళ్ళు. పైన నూనె రంగులు తేలుతుంటాయి. పిల్లలు వాటిలోనే నడిచి వచ్చి అన్నానికి కూర్చుంటారు.

సెలవుల్లో అనంతపురంలో మాకొక శిక్షణ పెట్టారు. వాన నీటిని కాసేపు నిలబెట్టి, శుభ్రం చేసి భూమిలోకి పంపే తోట ఎలా చేయాలో చూపించారు. పూలతోట అనుకోకు. పళ్ళెం లాంటి గుంత, అంతే. అడుగున మన్ను గుల్లగా ఉండాలి. దాని మీద ఇసుక, ఎర్రమట్టి, ఆకు ఎరువు కలిపి వేసి, వేర్లు బాగా దిగే మొక్కలు నాటాలి. నీళ్ళు వచ్చే చోట రాళ్ళు పేర్చాలి. చెత్తా బురదా రాళ్ళ దగ్గర ఆగుతాయి, నూనె మన్నులో చిక్కుకుంటుంది, మిగతా పని వేర్లు చూసుకుంటాయి. నేను పిల్లలకు వాన తోట అని చెప్పాను. వాళ్ళు వానమడి అంటున్నారు. ఆ పేరే బాగుంది.

మా హెడ్మాస్టరు దివాకర్ సార్ ఒప్పుకున్నాడు. "చేయండి మేడం. ఎవరన్నా దాంట్లో పడితే మాత్రం నన్ను పిలవొద్దు" అన్నాడు.

గట్టి వాన ఒకటి పడితే నీళ్ళు ఏ దారిన వస్తాయో కళ్ళారా చూసుకోవచ్చని అందరం కాచుకుని ఉన్నాం. గుంతకల్లులో పడిందా? పడితే మీ క్వార్టర్ల ముందు నీళ్ళు ఎటు పోయాయో చూసి రాయి. నీ సంగతి కూడా రాయి.

నీ చెల్లెలు
షమా


గుంతకల్లు,
2 జూలై 2024

చెల్లెలు షమాకు,

నీ ఉత్తరం అందింది. బాగానే ఉన్నాను. తింటున్నాను. సెలవులో ఉన్నాను. మాబీ కుట్టు పని చేసుకుంటోంది. ఎదురు క్వార్టరు వాళ్ళ పెళ్ళి జాకెట్లు వచ్చాయి.

నువ్వు చేస్తున్నది మంచి పనే అయి ఉంటుంది. పిల్లలను ఆ నీళ్ళలో చెప్పులు లేకుండా నడవనీయకు. కానీ నాకు వాన గురించి రాయొద్దు. ఇక్కడ పడిందో లేదో నేను చూడలేదు.

షఫీవుల్లా


శింగనమల,
13 జూలై 2024

అన్నకు,

నీ ఉత్తరం వచ్చింది. దాన్ని ఉత్తరం అనాలో, టెలిగ్రాం అనాలో తెలియలేదు. వాన గురించి రాయొద్దు అన్నావు. అనంతపురం జిల్లాలో జూలై నెలలో ఇంకేం మాట్లాడుకుంటారు? నా పని నీకు పిల్లల ఆటలా కనిపిస్తుందని నాకు తెలుసు. డిగ్రీ చదివేటప్పుడూ అంతే, మొక్కల పేర్లు బట్టీ కొడితే ఏమొస్తుందే అనేవాడివి. సరే, చదవకపోతే పక్కన పెట్టు. నేను రాస్తాను.

పోయిన వారం పిల్లలు గేటు దగ్గర బకెట్లతో నీళ్ళు పోసి, వాటిలో పసుపు కలిపి, ఎటు పారతాయో చూశారు. పసుపు గీత నేరుగా వంట షెడ్డుకు పోయింది. వంట చేసే ఆయమ్మ బయటికి వచ్చి, బడిలో ఏ అమ్మవారికి దేవర చేస్తున్నారని అడిగింది. తర్వాత మూడు చోట్ల చిన్న గుంతలు తీసి నీళ్ళు నింపాం. ఎక్కడ తొందరగా ఇంకితే అక్కడే మడి చేయాలి. గేటుకు ఎడమ పక్కన గరుసు నేల. మేము భోజనం చేసి వచ్చేసరికి అక్కడ నీళ్ళు లేవు. చోటు ఖాయమైంది.

ఇంకో సంగతి. లెక్కల టీచరు సువర్ణ భర్త మీ రైల్వేలోనే పనిచేస్తాడు. నిన్ను ఇంజను ఎక్కనీయడం లేదని ఆయన అన్నాడట. నువ్వు సెలవు అని రాశావు. అన్నా, సిగ్నల్ దాటేశావా? లేకపోతే డ్యూటీలో తాగి ఉన్నావా? అలాంటిది ఏదైనా జరిగి ఉంటే నాకు చెప్పుకోవచ్చు. నాయన లేడు, అమ్మ లేదు. నాకు కాకపోతే ఎవరికి చెబుతావు?

షమా


గుంతకల్లు,
24 జూలై 2024

షమాకు,

నేను సిగ్నల్ దాటలేదు. తాగలేదు. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఒక్క మెమో లేదు.

జరిగింది రాస్తాను. ఒక్కసారే రాస్తాను.

మే నెల ఆఖర్లో, సాయంత్రం పూట, గూడ్సు బండి. గుత్తి దాటాం. వాన పడుతోంది. వైపర్లు తిరుగుతున్నాయి. పట్టాల మధ్య నల్లగా ఏదో కనిపించింది. నా అసిస్టెంటు శ్రీకాంత్, కవరేమో అన్నాడు. హారన్ కొట్టాను. అది ముందుకు కదిలింది. గొడుగు. కింద మనిషి. మాకు వీపు పెట్టి నడుస్తున్నాడు. ఎమర్జెన్సీ బ్రేకు వేశాను. హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. ఆయన తిరిగి చూడలేదు. బండి నిలబడేసరికి ఆయన మాకు చాలా వెనక ఉన్నాడు. దిగి పోయి చూసింది గార్డు. చెప్పాల్సిన వాళ్ళకు చెప్పాం. తర్వాత బండిని గుంతకల్లుకు నేనే తెచ్చాను. డ్రైవర్ల లాబీలో సంతకం పెట్టి, ఇంటికి వచ్చి, మాబీ చేసిన ఉగ్గాని తిన్నాను.

ఆయనది ఆ దగ్గరి ఊరే, పెద్ద వయసు. చెవులు సరిగా వినిపించవట. పేరు నాకు చెప్పారు. ఇక్కడ రాయను. విచారణలో నా తప్పు లేదని తేల్చారు.

మూడు రోజులు విశ్రాంతి ఇచ్చారు. మళ్ళీ ఎక్కాను. ఏమీ కాలేదు. జూన్ మొదట్లో ఒకసారి దారిలో వాన మొదలైంది. చెట్ల నీడలకు హారన్ కొట్టాను. కొంతదూరం పోయాక బండి ఆపేశాను. ఎదురుగా ఏమీ లేదు. సిగ్నల్ పచ్చగా ఉంది. "పోదాం అన్నా, లైను ఖాళీగా ఉండాది" అని శ్రీకాంత్ అంటూనే ఉన్నాడు. నా చెయ్యి కదల్లేదు. వేరే డ్రైవరును పంపించి బండిని తీయించారు. అప్పటి నుంచి ఇంట్లో ఉన్నాను.

నాకు ఏడుపు రాలేదు. మాబీ ఏడ్చింది. నేను పక్కన కూర్చుని చూశాను. భయం కూడా లేదు. టీ తాగితే వేడిగా ఉందని తెలుస్తుంది, అంతకు మించి ఏమీ తెలియదు. రైల్వే ఆస్పత్రి డాక్టరమ్మ వారానికి ఒకసారి పిలుస్తుంది. జరిగింది చెప్పమంటుంది. నీకు రాసినట్టే చెబుతాను. ఇంకా చెప్పండి అంటుంది. ఇంకేముంది?

షఫీవుల్లా


శింగనమల,
4 ఆగస్టు 2024

అన్నా,

నీ ఉత్తరం స్టాఫ్ రూములో విప్పాను. చదివాక నాలుగో పీరియడుకు పోయాను. పాఠం చెప్పాను. ఏం చెప్పానో తెలియదు.

తాగావా అని అడిగాను నిన్ను. ఆ ముక్క రాసిన చేతిని ఏం చేయాలి? క్షమించు అంటే, పరవాలేదు అని నువ్వు ఒక ముక్క రాసి పడేస్తావు. అందుకని అడగను. అంతా పైవాడి రాత అని ఒకసారి రాసి కొట్టేశాను. కొట్టివేత నీకు కనిపిస్తూనే ఉంటుంది.

నువ్వు ఇక్కడికి రా. నా గదిలో ఫ్యాను బాగానే తిరుగుతుంది. వదినను కూడా తీసుకురా.

నీకు ఏం రాయాలో తెలియక మడి సంగతే రాస్తున్నాను. దానిలో ఆ మాట రాకుండా చూసుకుంటాను. గుంత తవ్వడం అయిపోయింది. మోకాలికి కొంచెం తక్కువ లోతు. పెద్ద తరగతుల పిల్లలు గడ్డపారలు పట్టారు, చిన్నవాళ్ళు గంపలు మోశారు. పని పంచడంలో కొట్లాటలు వచ్చాయి. అందరూ మన్ను మోయం అనేవాళ్ళే, అందరికీ గడ్డపారే కావాలి. సుంకమ్మ అని ఒక పిల్ల ఉంది. ఎనిమిదో తరగతి. నాయన లేడు, అవ్వ బయమ్మ దగ్గర ఉంటుంది. వారానికి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆ పిల్ల మాత్రం గంప తీసుకుని ఎవరినీ అడగకుండా మోస్తూ పోయింది. పైన ఇసుక మట్టి వేసి, దాని మీద తేమ ఆరకుండా వేరుశనగ పొట్టు పరిచాం. మన ఊర్లో దొరకనిది ఏదైనా ఉందంటే అది పొట్టు కాదు. నర్సరీ నుంచి మెట్టతామర, వట్టివేరు, తుంగ తెచ్చి నాటాం.

ఇప్పుడు అది ఎప్పుడు వస్తే అప్పుడు చూడాలి.

షమా


గుంతకల్లు,
16 ఆగస్టు 2024

షమాకు,

వాన అనే రాయి. "ఆ మాట", "అది" అని నువ్వు రాసిన చోటల్లా నాకు అదే కనిపించింది. నేను రాయొద్దన్నది నీ పని చిన్నదని కాదు. అది నీకు ఇప్పుడు తెలిసింది కాబట్టి మామూలుగా రాయి.

ఇక్కడికి రా అక్కడికి రా అనొద్దు. మాబీ తమ్ముడు ఆదోని రమ్మన్నాడు, శ్రీకాంత్ వాళ్ళ ఊరికి రమ్మన్నాడు, నువ్వు రమ్మంటున్నావు. మనిషిని కుర్చీలాగా ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మారిస్తే ఏమవుతుంది?

పొద్దున లేస్తాను. పేపరు చదువుతాను. చదివింది గుర్తుండదు. మాబీ మిషను తొక్కుతుంటే ఆ చప్పుడు బాగుంటుంది, నాయన దూది ఏకేటప్పటి చప్పుడు లాగా ఆగకుండా ఉంటుంది. ఆమె ఆపితే తల ఎత్తి చూస్తాను. అందుకే కాబోలు, ఈ మధ్య రాత్రి భోజనాల వరకూ తొక్కుతూనే ఉంటోంది. కాళ్ళు నొప్పి అంటుంది, ఆపదు.

నీ ఉత్తరంలో ఒకటి అర్థం కాలేదు. ఆ మొక్కలు నీళ్ళలో నిలబడి ఉంటాయా, ఎండలో నిలబడి ఉంటాయా? మన దగ్గర వాన పడేది నాలుగు రోజులు. మిగతా రోజులు ఏం తాగుతాయి?

షఫీవుల్లా


శింగనమల,
1 సెప్టెంబరు 2024

అన్నకు సలాం.

రెండింట్లోనూ నిలబడే మొక్కలే ఎంచుకున్నాం. అలా అనుకున్నాం.

సోమవారం మధ్యాహ్నం వాన పడింది. తరగతులు వదిలేసి అందరం వరండాలో నిలబడ్డాం. రోడ్డు మీది నీళ్ళు గేటులోంచి వచ్చాయి, రాళ్ళ దగ్గర ఆగాయి, మెల్లగా మడిలోకి దిగాయి. పిల్లలు కేకలు వేశారు. దివాకర్ సార్ కూడా గొడుగు లేకుండానే వచ్చి చూశాడు. నీళ్ళు నిండాక పొట్టు అంతా పైకి తేలింది. తేలి పోయి, ఎక్కువైన నీళ్ళు బయటికి పోవడానికి పెట్టిన దారిలో ఇరుక్కుంది. మడి పొంగి నీళ్ళు మళ్ళీ వంట షెడ్డులోకే పోయాయి. ఈసారి పొట్టుతో సహా. బియ్యం మూటలు తడిశాయి.

సరే, అది దిద్దుకోవచ్చు అనుకున్నాను. కానీ మడిలో నీళ్ళు ఇంకలేదు. మంగళవారం ఉన్నాయి, బుధవారం ఉన్నాయి, శుక్రవారం వాసన వచ్చింది. మెట్టతామర మొదళ్ళు కుళ్ళాయి. నీళ్ళలో దోమ పిల్లలు మెలికలు తిరుగుతున్నాయి. ఎనిమిదో తరగతి పిలగాడి తండ్రి, ఆంజి, ఇంకో నలుగురిని వెంటేసుకుని బడికి వచ్చాడు. "ఏమమ్మా, చదువు చెప్పమంటే మా పిల్లోళ్ళతో మురికిగుంత తవ్వించినావా? డెంగీ వస్తే నువ్వు చూస్తావా?" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. ఆ నలుగురూ నా వైపు చూస్తూ నిలబడ్డారు. చివరికి దివాకర్ సారే వాళ్ళను పంపించి, వచ్చే వారం ట్రాక్టరు మన్ను తోలించి పూడ్చేద్దాం మేడం అన్నాడు. సరే సార్ అన్నాను.

నాకు కోపం రాలేదన్నా. సిగ్గు కూడా వేయలేదు. ఇంటికి వచ్చి బట్టలు ఉతుక్కున్నాను. ఆరవేసి, వాటినే చూస్తూ కూర్చున్నాను. నీకు ఇలాగే ఉంటుందా?

రాశాక అనిపించింది, ఒక గుంతను తెచ్చి దేనితో పోలుస్తున్నాను అని. కొట్టేయను. చదువుకో.

షమా


గుంతకల్లు,
9 సెప్టెంబరు 2024

షమాకు,

పోల్చినందుకు నాకు బాధ లేదు. కొంచెం ఇలాగే ఉంటుంది.

పూడ్చేశారా? పూడ్చకపోతే ఒక వారం ఆగమను. నీళ్ళు చిన్న గుంతలో భోజనం వేళకే ఇంకాయి, పెద్ద గుంతలో వారమైనా ఇంకలేదు అంటున్నావు. రెండూ ఒక చోటే. మధ్యలో ఏదో జరిగింది. అది ఏమిటో చూడకుండా మన్ను తోలితే ఎప్పటికీ తెలియదు. విచారణ లేకుండా ఏదీ మూయరు మా దగ్గర.

మాబీ నీ ఉత్తరం చదివింది. చదివి, మిషను ఆపి, "నువ్వు పో. ఈడ నన్ను చూస్తా కూర్చునేదానికి బదులు ఆడ గుంతను చూడు" అంది. కోపంగా అన్నదో, మామూలుగా అన్నదో నాకు తెలియలేదు. శనివారం పొద్దున బస్సుకు వస్తాను. నన్ను మాట్లాడించొద్దు. నేను ఎవరో, ఏం చేస్తానో పిల్లలకు చెప్పొద్దు.

షఫీవుల్లా


శింగనమల,
29 సెప్టెంబరు 2024

అన్నకు సలాం.

నువ్వు వచ్చి పోయి రెండు వారాలైంది. నీ దగ్గరి నుంచి ఒక్క ముక్క రాలేదు. రాయవేమో అని నేనే రాస్తున్నాను.

ముందు మడి సంగతి. ట్రాక్టరు రాకముందే నీ మాట చెప్పి దివాకర్ సార్‌ను ఒక వారం ఆపాను. నువ్వు వచ్చేలోపే బకెట్లతో నీళ్ళు తోడేసి పెట్టాం కదా. నువ్వు వరండా మెట్ల మీద కూర్చుని ఉన్నప్పుడు పిల్లలు పైమట్టి తీసి ఒక పక్కకు పోశారు. అడుగుకు చేరాక సుంకమ్మ గడ్డపార వేసింది. గడ్డపార ఎగిరి వచ్చింది, సిమెంటు మీద వేసినట్టు. నేను దిగి చూశాను. నేల గచ్చులాగా బిగిసిపోయి ఉంది. ఎలా అయిందని అడిగాను. ఒకడు, "మీరే కదా మేడం చదును చేయమంటిరి, అందరం దిగి ఎగిరి ఎగిరి తొక్కితిమి" అన్నాడు. తవ్విన రోజు సాయంత్రం నేను మీటింగుకు పోతూ, అడుగు చదునుగా చేయండి అని చెప్పిపోయిన మాట నిజమే. అడుగు గుల్లగా ఉండాలని వాళ్ళకు పాఠం చెప్పింది కూడా నేనే.

అప్పుడే నువ్వు లేచి వచ్చావు. ఎవరినీ అడగకుండా గడ్డపార తీసుకుని అడుగును పగలగొట్టడం మొదలుపెట్టావు. నేను వంట షెడ్డు పక్కన కొత్త నీళ్ళ దారికి రాళ్ళు పేర్పిస్తూ ఉన్నాను. మధ్యలో ఒకసారి చూస్తే పిల్లలంతా నీ చుట్టూ చేరి ఉన్నారు. నువ్వు చెయ్యెత్తి చెరువు కట్ట వైపు ఏదో చూపిస్తున్నావు. ఇంకోసారి చూస్తే ఒక్కరూ కదలడం లేదు. తర్వాత కాసేపటికి నువ్వు మట్టి చేతులతోనే వచ్చి, బస్సుందా అని అడిగావు. అన్నం తినలేదు. నీకోసమని సంగటి, పప్పు చేసి పెట్టాను. నీ మొహం చూస్తే ఆపడానికి నోరు రాలేదు.

వాళ్ళు నిన్ను ఏదో అడిగారు. అడగకూడనిది అడిగి ఉంటారు. ఏం అడిగారని ఒక్కొక్కరినీ విడిగా పిలిచి అడిగాను. ఎవరూ చెప్పడం లేదు. సుంకమ్మ అయితే నేలచూపులు చూస్తూ నిలబడింది. చిన్నపిల్లలన్నా. వాళ్ళ తరఫున నేను చెబుతున్నాను, మనసులో పెట్టుకోకు. నిన్ను రానివ్వకుండా ఉండాల్సింది.

మొన్న గురువారం పెద్ద వాన పడింది. ఈసారి పొట్టు లేదు, గులకరాళ్ళు పరిచాం. నీళ్ళు నిండాయి, ఎక్కువైనవి కొత్త దారిలో పోయాయి, వంట షెడ్డు గడప తడవలేదు. పొద్దున బడికి వచ్చేసరికి మడి అడుగున తేమ తప్ప ఏమీ లేదు. గేటు దగ్గర ఒక సీసా, బయటికి పోయే చోట ఒక సీసా పట్టాం. మొదటిది బొగ్గు నీళ్ళు. రెండోది పలచటి టీ రంగులో ఉంది, నూనె తెట్టు లేదు. తాగే నీళ్ళేమీ కాదు. కానీ చెరువుకు పోతే పోనీ అనుకునే నీళ్ళు. దివాకర్ సార్ ట్రాక్టరు మాట మళ్ళీ ఎత్తలేదు. ఆంజి గేటు బయటే బండి ఆపి, చాలాసేపు చూసి పోయాడు.

సంతోషించాను అని రాయాలని ఉంది. నిజానికి నువ్వు అన్నం తినకుండా పోయిన దగ్గరే ఆగిపోయి ఉన్నాను.

షమా


గుంతకల్లు,
8 అక్టోబరు 2024

షమా,

పిల్లలను అడగడం మానెయ్. వాళ్ళు నన్నేమీ అనలేదు. అన్నం తినకుండా పోయింది కోపంతో కాదు. చెబుతాను.

ముందు నా సంగతి. వచ్చే సోమవారం నుంచి లాబీలో డ్యూటీ ఇచ్చారు. డ్రైవర్లు వచ్చి సంతకం పెట్టే చోట కూర్చోవాలి. ఎవరికి ఏ బండో చూసి పంపాలి. ఆరు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష చేసి, ఇంజను ఎక్కాలో వద్దో చెబుతారట. ఎక్కాలని ఉందా అని డాక్టరమ్మ అడిగింది. తెలియదు అన్నాను. మొదటిసారి మంచి జవాబు చెప్పారు అంది. అదేం మంచి జవాబో నాకు తెలియలేదు.

ఇక ఆ రోజు సంగతి. గుంతలో తవ్వుతుంటే ఒకడు, ఏం పని చేస్తారు సార్ అని అడిగాడు. చెప్పొద్దని నీకు రాసిన వాడిని, నేనే చెప్పేశాను, రైలు తోలేవాణ్ణి అని. ఇంక వాళ్ళకు పని సాగలేదు. ఇంజనులో స్టీరింగు ఉంటుందా, నిద్రొస్తే ఏం చేస్తారు, ఒంటికి రెంటికి యాడికి పోతారు, అన్నీ అడిగారు. చెప్పాను. ఒక పిల్ల, బ్రేకు కొడితే ఎంత దూరంలో నిలుస్తుందని అడిగింది. ఇక్కడి నుంచి చెరువు కట్ట దాటిపోతుందని చూపించాను. నువ్వు చూసింది అదే.

అప్పుడు సుంకమ్మ అడిగింది. అంతవరకూ ఆ పిల్ల గొంతు నేను వినలేదు.

"మనిషి అడ్డమొస్తే ఏం చేస్తారు సార్?"

"హారన్ కొడతాం. బ్రేకు కొడతాం."

"అయినా నిలవకపోతే?"

"నిలవదమ్మా. మనం చూస్తానే ఉండాల."

"మీకు అట్లయిందా?"

అయింది అన్నాను. అందరూ నన్నే చూస్తున్నారు. ఆ పిల్ల మాత్రం గడ్డపార మొన వైపు చూస్తోంది.

"అప్పుడు మీరు కండ్లు మూసుకుంటిరా?"

షమా, ఈ మాట నన్ను ఎవరూ అడగలేదు. విచారణలో స్పీడు అడిగారు, ఎంత దూరంలో చూశావని అడిగారు, హారన్ కొట్టావా అని అడిగారు. డాక్టరమ్మ నిద్ర పడుతోందా అని అడిగింది. మాబీ ఏమీ అడగలేదు. నేను ఎప్పుడూ చెప్పనిది అదే. శ్రీకాంత్ మొహం తిప్పుకున్నాడు. నేను తిప్పుకోలేదు. ఆఖరిదాకా చూశాను. ఒక మనిషి చివరి అడుగు చూసింది ఈ లోకంలో నేనొక్కణ్ణే. చూడకుండా ఉండగలిగి కూడా ఎందుకు చూశానో నాకు తెలియదు.

"లేదమ్మా. మూసుకోలే. చూసినా" అన్నాను.

సుంకమ్మ వంగి గడ్డపార మొనకు అంటిన మన్ను తుడిచింది. తర్వాత, "మా నాయనకు మోటరు కాడ కరెంటు కొట్టినప్పుడు నేను మూసుకుంటి. తెరిచేసరికి కింద పడిపోయిండె" అంది. ఏడవలేదు. నేనూ ఏడవలేదు. మిగతా పిల్లలు ఎవరూ నవ్వలేదు, కదల్లేదు. నువ్వు రెండోసారి చూసినప్పుడు అది.

నాకు ఆ క్షణాన మాబీ దగ్గరికి పోవాలనిపించింది. పరాయి పిల్లకు చెప్పిన మాట ఆమెకు చెప్పకుండా ఇంకో పూట ఉంటే మళ్ళీ చెప్పలేనేమో అనిపించింది. అందుకే బస్సు అడిగాను. నీ సంగటి మీద కోపం కాదు. బస్సులో గుత్తి దాకా మేలుకునే ఉన్నాను. ఆ తర్వాత నిద్ర పట్టేసింది. గుంతకల్లు బస్టాండులో కండక్టరు భుజం తట్టి లేపాడు. ఇంటికి పోయి మాబీకి చెప్పాను. ఆమె విని, మిషను మీది బట్ట తీసి మడత పెట్టి, నా పక్కన కూర్చుంది. చాలాసేపు అలాగే కూర్చున్నాం. ఏమీ తేలికపడలేదు. బరువు పెరగలేదు కూడా.

నువ్వు ఆ పిల్లను ఏమీ అడగొద్దు. నాయన గురించి అసలే ఎత్తొద్దు. నేను రాశానని తెలియనీయొద్దు. ఆ రోజు ఆ పిల్ల ఆ మాట అన్నాక, మడిలోంచి పీకి పక్కన గోనెపట్టాలో పెట్టిన వట్టివేరు మొక్క తీసి నా చేతిలో పెట్టింది. "ఇది పట్టుకోండి సార్. వేర్లకు ఎండ తగలకూడదని మేడం చెప్పింది. నేను గట్టు మీద గుంత తీస్తా" అంది. రెండు చేతులూ మూసి, వేర్లను లోపల పెట్టుకుని నిలబడ్డాను. అది గుంత తీయడం అయ్యేవరకు నిలబడ్డాను.

ఆ పిల్ల నీకూ ఏదైనా పట్టుకోమని ఇస్తే పట్టుకో. అంతకంటే ఏమీ చేయకు.

మీ అన్న
షఫీ